చీపురు బండి

నా వ్యాను మామూలుగా రొయ్యపిల్లల్ని మోస్తుంది.
ఆ వారం మట్టుకు వెనకద్దానికి చీపురు కట్టి
సైకిలు పందెంలో అందరికన్నా వెనక నడపమన్నారు.
ఆగిపోయినవాణ్ణి ఎక్కించుకోవాలి,
సైకిలు పైన కట్టాలి,
ఏమీ అడక్కూడదు.
ఆ చివరిది నేను పెట్టుకున్న రూలు.

నాలుగో రోజు. నరసాపురం నుంచి యానాం.
కొండలున్న దేశాల్లో ఈ పందేలు కొండల మీద తేలతాయంట.
మాకు కొండేదండీ?
చించినాడ దగ్గర వశిష్ఠ మీద ఒకటి,
బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద ఒకటి,
ఎదుర్లంక దాటితే గౌతమి మీద ఒకటి.
మూడు వంతెనలు, మూడు గూని వీపులు.
మిగతాదంతా తూర్పుగాలి.
ఎక్కడమే గానీ దిగుడు లేని కొండ అది.

పాలకొల్లులో బడిపిల్లలు కాగితం జెండాలు పైకెత్తేలోపే
గుంపు దాటిపోయింది.
కొంగలు లేచిపోయిన దాళ్వా చేనులా
రోడ్డు ఉన్నపళంగా బోసిపోయింది.

ఎనభై ఏడో నంబరు, గెడ్డం ఇమ్మానుయేలు.
జట్టులో వాడి పని గెలవడం కాదు, నీళ్ళు మొయ్యడం.
వెనక్కొచ్చి కారు దగ్గర సీసాలు తీసుకుని
వీపునిండా ముంతలు కట్టిన తాడిచెట్టులా
మళ్ళీ ముందుకు పోతుండేవాడు.
చించినాడ వంతెన మీద వాళ్ళ నాయకుడి ముందుచక్రం పగిలితే
తనది ఊడదీసి ఇచ్చి
రెయిలింగు పక్కన నిలబడ్డాడు,
కాలు విరిగిన గుర్రాన్ని పట్టుకున్నట్టు
సైకిల్ని పట్టుకుని.
జట్టు కారు గడ్డి ట్రాక్టరు వెనక ఇరుక్కుంది.
వచ్చేసరికి ఆరు నిమిషాలు.

ఇంక నా ముందు వాడొక్కడే.

రాజోలులో వాళ్ళ బాబాయి వరసాయన
చెక్కిన బోండాం పట్టుకుని పక్కనే పరిగెత్తాడు.
నీళ్ళన్నీ లుంగీ మీదే ఒలికాయి.
వాడు ఒక్క గుక్కా అందుకోలేదు, నవ్వాడు.
తాటిపాక దాటాక నవ్వు లేదు.
రెండు పక్కలా రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు,
పొద్దస్తమానం తిరిగి
ఎక్కడికీ వెళ్ళని చక్రాలు.

ముమ్మిడివరంలో రేడియో చెప్పింది.
కిటికీ దించి నా రూలు నేనే తప్పాను.
"అరచక్రం తేడాలో మీవాడు గెలిచాడంట."
చాలాసేపు తొక్కాక అన్నాడు:
"ఆ చక్రం నాదండీ."

గడువు ఇంకా పంతొమ్మిది నిమిషాలుంది.

ఎదుర్లంక వంతెన మీద గాలి
వల లాగినట్టు వాణ్ణి వెనక్కి లాగుతోంది.
నా వ్యాను ఓ పదడుగులు ముందుకు తెస్తే
ఆ చాటున సుఖంగా దాటేస్తాడు.
నాకు తెలుసు. వాడికీ తెలుసు.
చుట్టుపక్కల మోటారుసైకిలు లేదు, అధికారి లేడు,
కింద ఒక నావ, దాన్లో నిద్రపోయే కుక్క.
తెచ్చాను.
వాడు తల తిప్పలేదు.
ఎడంచెయ్యి నడుం దగ్గరికి తెచ్చి
కోడిపిల్లని తోలినట్టు
వెనక్కి, వెనక్కి అన్నాడు.

వెనక్కొచ్చేశాను.

యానాంలో గాలి బెలూను కమాను అప్పటికే సగం కుంగింది.
బెంచీల మీద కుర్చీలు బోర్లించేశారు.
గడువు మీద నలభై ఒక్క సెకన్లు.
గడియారం పట్టుకున్నాయన మంచివాడే,
రెండుసార్లు చూశాడు.
మూడోసారి చూళ్ళేదు.

చీకటిపడ్డాక వాడే వచ్చాడు,
నంబరు గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని.
"మా రాజోలు దాకా దింపుతారా?"
మళ్ళీ తెల్లారేసరికి నేను యానాంలో ఉండాలి.
రొయ్యపిల్లల మనిషికి రాత్రి ఎంతని,
ఎక్కమన్నాను.
ముందు సీట్లో కూర్చుని
నాలుగు పిన్నీసులు తీసి
నా అద్దం మీది తువ్వాలుకి వరసగా గుచ్చాడు.
ఎందుకని అడగలేదు.

వంతెన మీదకొచ్చేసరికి గాలి మా వెనక నుంచి.
ఇంజనుకి ఆ తేడా ఏం తెలుస్తుంది?
వాడు మాత్రం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి
అవతలి ఒడ్డు దాకా
అరచెయ్యి అలాగే ఉంచాడు.